ఉత్తరముల పెట్టె: విండోస్ నుండి లినక్స్‌నకు

చెన్నపట్నమునందలి తెలుగు కుటుంబములకును, తెలుగు సంఘముల కార్యాలయములకును గడచిన రెండు మూడు దశాబ్దములలో వచ్చిన ఉత్తరములలో పెక్కు కాగితముమీద లేవు. అవి యేదో యొక ఈమెయిలు ప్రోగ్రాము కంప్యూటరులో దాచియుంచిన ఫైళ్ళలో నున్నవి. సభలనుగూర్చి హైదరాబాదు పండితులతో నడచిన లేఖలు, అమెరికాలోని కుమార్తె తల్లికి వ్రాసిన క్షేమసమాచారములు, సంచికల అచ్చుచిత్తులకు చేసిన సవరణలు మున్నగున వన్నియు ఆ ఫైళ్ళలోనే కలవు. ఆ కంప్యూటరులు పాతబడినవి. విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చుచుండిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. దాని తరువాతిదైన విండోస్ 11 ఎనిమిదవ తరమునకు ముందటి ఇంటెల్ ప్రాసెసరులు గల యంత్రములలో పెక్కింటిని అధికారికముగా అంగీకరింపదు. యంత్రము చక్కగా పనిచేయుచుండగా దానిని పాతసామానుల వానికి తూకమునకు వేయుటకు మనసొప్పని వారు లినక్స్ వైపు చూచుచున్నారు. అట్లు చూచువారు మొట్టమొదట అడుగు ప్రశ్న యొకటే: ఇన్నాళ్ళుగా వాడిన ఈమెయిలు ప్రోగ్రాము అక్కడ నడచునా?

ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి యున్నవి. ప్రోగ్రామును తరలించుట వేరు. ఉత్తరములను తరలించుట వేరు. మొదటిది అలవాటునకు సంబంధించినది, రెండవది ఆస్తికి సంబంధించినది. తెలుగువారి విషయమున మూడవ చిక్కు కూడ నొకటి కలదు. ఉత్తరము క్షేమముగా చేరినను అందలి తెలుగు లిపి చేరకపోవచ్చును. ఈ మూడింటిని విడదీసి చూడనిచో ప్రోగ్రామును నిలుపుకొనవలెనను పట్టుదలలో ఉత్తరములనే పోగొట్టుకొనుట జరుగును.

ఈ నగరమున ఈమెయిలు పుట్టుక విండోస్‌లో జరుగలేదను సంగతి ముందుగా గుర్తింపదగినది. 1986లో ఆరంభమైన ఎర్నెట్ అను విద్యా పరిశోధనల జాలమునందు మద్రాసు ఐ.ఐ.టి. తొలి భాగస్వాములలో నొకటి. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగం సంస్థ ఇంటర్నెట్టును సామాన్య ప్రజలకు అందించినప్పుడు ఆ సౌకర్యము పొందిన నగరములలో మద్రాసు ఒకటి. అప్పటికి నగరమునకు చెన్నై యను పేరు అధికారికముగా రాలేదు, అది 1996 నాటి మాట. నాటి చందాలలో ప్రధానముగా రెండు విధములు కలవు. తక్కువ ధరకు దొరకినది షెల్ అకౌంటు. చందాదారుడు ఇంటి టెలిఫోను ద్వారా సంస్థవారి యూనిక్స్ యంత్రమునకు చేరి, పైన్ వంటి ప్రోగ్రామును ఆ యంత్రముమీదనే నడపి, నల్లని తెరపై అక్షరముల రూపమున ఉత్తరములు చదువుకొనెడివాడు. ఎక్కువ ధర చెల్లించినవారికి టి.సి.పి.ఐ.పి. అకౌంటు లభించెడిది. దానితో ఉత్తరము యూనిక్స్ యంత్రము వదలి ఇంటి కంప్యూటరులోని విండోస్‌కు దిగివచ్చెడిది. యూడోరా, నెట్‌స్కేప్ మొదలగు పేర్లు మద్రాసు ఇండ్లలో వినబడినది ఈ ద్వారముననే. లినక్స్ అనునది యూనిక్స్ సంప్రదాయమున 1991లో ఫిన్లండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించినది. కావున విండోస్ నుండి లినక్స్‌నకు ఉత్తరములు పోవుట కొత్త దేశమునకు వలస కాదు, పుట్టినింటికి రాకయే. ఇది కేవలము చమత్కారము కాదు. ఫైళ్ళ నిర్మాణమును పరిశీలించినప్పుడు దీని ప్రయోజనము తెలియగలదు.

వాడుకదారుల అభిమానమును పొందిన విండోస్ ఈమెయిలు ప్రోగ్రాములలో యూడోరాకు ప్రత్యేక స్థానము కలదు. దీనిని 1988లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున స్టీవ్ డార్నర్ అనునతడు తొలుత మెకింటాష్ యంత్రములకై వ్రాసెను. అమెరికా రచయిత్రి యూడోరా వెల్టీ తపాలా కచేరిలో కాపురము పెట్టిన యొక యువతినిగూర్చి వ్రాసిన కథ యతనికి గుర్తు వచ్చి ఆ రచయిత్రి పేరే పెట్టెను. 1991లో క్వాల్‌కామ్ సంస్థ దీని హక్కును పొంది, తరువాత విండోస్ రూపమును సిద్ధపరచినది. పెట్టెలలో పెట్టెలుగా ఉత్తరములను అమర్చుకొనుట, వేల ఉత్తరములలో ఒక మాటను క్షణములో వెదకుట యను రెండు గుణములచే అది వాడినవారిని వదలలేదు. 2006లో క్వాల్‌కామ్ దానిని విరమించినది. అయినను పదేండ్ల తరువాత కూడ దానినే వాడుచుండిన వారు లోకమున కలరు.

ఇతర ప్రోగ్రాముల గతియు ఇంతే. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ విండోస్ ఎక్స్‌పితో అంతమైనది. ఆ విండోస్ ఎక్స్‌పికి మద్దతు 2014 ఏప్రిల్ 8న నిలిచినది. విండోస్ లైవ్ మెయిల్‌కు 2017 జనవరిలోను, విండోస్ 10తో వచ్చిన మెయిల్ అను ప్రోగ్రామునకు 2024 డిసెంబరు 31తోను కాలము చెల్లినది. లినక్స్‌నకు మారుటకు జంకువారు తాము విండోస్‌లోనే యున్నచో ప్రోగ్రాము శాశ్వతముగా నుండునని తలంతురు. పై తేదీలు ఆ తలంపును సమర్థించుట లేదు.

లినక్స్ చెన్నైకి అపరిచితము కాదు. ఈ నగరపు పేరు భారతదేశ లినక్స్ చరిత్రలో పలుమార్లు వచ్చును. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకై కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన జాతీయ వనరుల కేంద్రము క్రోంపేటలోని అణ్ణా విశ్వవిద్యాలయపు ఎం.ఐ.టి. ఆవరణయందలి ఏయూ-కె.బి.సి. పరిశోధన కేంద్రమునను, సి-డాక్ చెన్నై శాఖయందును పనిచేసినది. డెబియన్ పునాదిగా సి-డాక్ చెన్నైవారు రూపొందించిన బాస్ అను భారతీయ లినక్స్ 2007లో వెలువడినది. అందు తెలుగునకును స్థానము కలదు. ఆ సంవత్సర ప్రాంతముననే తమిళనాడు ఎలెక్ట్రానిక్స్ సంస్థయగు ఎల్కాట్, సి. ఉమాశంకర్ మేనేజింగ్ డైరెక్టరుగా నున్న కాలమున, నందనములోని తన కార్యాలయమును సూసె లినక్స్‌నకు మార్చి దేశమంతట చర్చకు కారణమైనది. 2011లో ప్రభుత్వ, ప్రభుత్వ సహాయ పాఠశాలల విద్యార్థులకు ఉచితముగా ఇచ్చిన ల్యాప్‌టాపులలో విండోస్‌తో పాటు బాస్ కూడ నుండెను. అట్లు లినక్స్ ఇంటికి వచ్చియు, తెరువబడక, మూలనున్న ఇత్తడి పెట్టెవలె ఉండిపోయిన సందర్భము లెక్కువ.

2005లో కేంద్ర ప్రభుత్వము భారతీయ భాషల సాఫ్ట్‌వేరును ఉచిత సి.డి.ల రూపమున పంచిపెట్టినది. తమిళ సి.డి. ఆ ఏప్రిల్ నెలలో చెన్నైలో విడుదలైనది, తెలుగు సి.డి. అదే యేట తరువాత వచ్చినది. తమిళ సి.డి.లో కొలంబా అను ఈమెయిలు ప్రోగ్రాము తమిళ రూపమున నుండెను. ఇది జావా భాషలో వ్రాయబడినందున విండోస్‌మీదను లినక్స్‌మీదను ఒకే తీరున నడచును. ప్రోగ్రామును తరలింపవలసిన పనియే లేనట్టి యేర్పాటు. కాని కొలంబా నిర్మాణము కొద్ది సంవత్సరములకే ఆగిపోయినది. ఒక ప్రోగ్రాము రెండు వ్యవస్థలలో నడచుట మంచిదే. దాని వెనుక పనిచేయు మనుష్యులు నిలుచుట అంతకంటె ముఖ్యమని ఈ యుదాహరణము తెలుపుచున్నది.

ఇక తరలింపు మార్గములను పరిశీలింతము. ప్రోగ్రామునే యథాతథముగా లినక్స్‌లో నడపుట మొదటి మార్గము. దీనికి వైన్ అను సాధనము కలదు. 1993లో మొదలైన యీ కృషి 2008 జూన్‌లో మొదటి పూర్ణరూపమునకు వచ్చినది. విండోస్ ప్రోగ్రాము తెరపై గడి గీయుమని, ఫైలు తెరువుమని, అచ్చుయంత్రమును పిలువుమని అడుగు ప్రతి కోరికను ఇది లినక్స్‌నకు తెలిసిన కోరికగా మార్చి చెప్పును. కుంపిణీ నాటి మద్రాసులో దుబాసి చేసిన పనియే యిది. దుబాసి ఎంత సమర్థుడైనను దొర మనసులో లేని మాటను పలుకలేడు. అట్లే వైన్ పాత ప్రోగ్రామును నడపగలదే గాని దానికి లేని శక్తిని ఇవ్వలేదు. యూడోరా వంటి పాత ప్రోగ్రాము వైన్‌లో తెరచుకొని పాత ఉత్తరములను చూపవచ్చును. కాని నేటి సర్వరులు కోరు రహస్యలిపి పద్ధతులు 2006 నాటి ప్రోగ్రామునకు తెలియవు. పైగా గూగుల్ సంస్థ వ్యక్తిగత అకౌంట్లకు కేవలము పేరు, సామాన్య సంకేతపదములతో ప్రవేశించు పాత పద్ధతిని 2022 మే 30 నుండి నిలిపివేసినది. రెండంచెల తనిఖీ పెట్టుకొని ప్రత్యేక సంకేతపదము తీసికొన్నచో కొంత వెసులుబాటు కలదు గాని, మొదటి యవరోధము అట్లే యుండును. కావున వైన్‌లోని పాత ప్రోగ్రాము చదువుకొను గదిగా పనికివచ్చును, తపాలా కచేరిగా పనికిరాదు.

ప్రోగ్రాము మూలరచనను సంపాదించి కొత్తగా కట్టుట రెండవ మార్గము. యూడోరా విషయమున ఇది నిజముగా సాధ్యమైనట్లు కనబడినది. కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియము క్వాల్‌కామ్‌తో అయిదేండ్లు సంప్రదింపులు జరిపి, హక్కులను పొంది, 2018 మేలో మూలరచనను ఎవరైనను వాడుకొనదగిన అనుమతితో ప్రకటించినది. విండోస్ రూపమున కెనిమిది వేలకు పైగా ఫైళ్ళు కలవు. అయితే ఇతర సంస్థల సొత్తైన భాగములను మ్యూజియము ఇచ్చుటకు వీలులేక తొలగింపవలసి వచ్చినది. ఇల్లు దానమిచ్చి కిటికీలు, తలుపులు పొరుగువానివని విప్పుకొనిపోయినట్లైనది. ఆ మూలరచననుండి హెర్మీస్ అను పేర కొందరు కృషి చేసిరి. అది కూడ విండోస్‌నే లక్ష్యముగా పెట్టుకొన్నది. విండోస్‌నకై, విండోస్ సౌకర్యములను ఆధారము చేసికొని వ్రాసిన ప్రోగ్రామును లినక్స్‌నకు మార్చుట తిరుగవ్రాయుటకు దగ్గరి పని. సామాన్య గృహస్థుడు ఈ మార్గముకొరకు వేచియుండదగదు.

రెండు వ్యవస్థలకును ఒకే ప్రోగ్రామును ఎంచుకొనుట మూడవ మార్గము. మొజిల్లావారి థండర్‌బర్డ్ 2004 డిసెంబరులో తన మొదటి రూపమునందే విండోస్, మెకింటాష్, లినక్స్ మూడింటికిని వెలువడినది. దీనియందు ఒక గొప్ప సౌలభ్యము కలదు. ఉత్తరములు, చిరునామాలు, వడపోత నియమములు, సంకేతపదములు అన్నియు ప్రొఫైల్ అను ఒక్క ఫోల్డరులో నుండును. విండోస్‌లో థండర్‌బర్డ్ వాడుచున్నవారు ప్రోగ్రామును మూసి, ఆ ఫోల్డరును పెన్‌డ్రైవు ద్వారా లినక్స్‌నకు కొనిపోయి, అక్కడి థండర్‌బర్డ్‌నకు ఇదియే నీ ప్రొఫైలని చూపినచో పాత అమరిక యంతయు తిరిగి కనబడును. లినక్స్‌లోని రూపము విండోస్‌లోని దానికంటె పాతది కాకుండ చూచుకొనవలెను. కొత్త రూపము వ్రాసిన ప్రొఫైలును పాత రూపము స్వీకరింపదు. కనుక తెలివైన గృహస్థుడు రెండు మార్పులను ఒకేసారి చేయడు. మొదట విండోస్‌లో నుండగనే థండర్‌బర్డ్‌నకు మారి, కొన్ని నెలలు అలవాటుపడి, ఆ తరువాత యంత్రమును లినక్స్‌నకు మార్చును. అప్పుడు విండోస్ పోయినను తనకు తెలిసిన ప్రోగ్రాము తన వెంటనే యుండును. ఈ వ్యాసపు దృష్టిలో మూడు మార్గములలో ఇదియే శ్రేష్ఠము.

ఇక ఉత్తరముల సంగతి. ఇందు ఒక్కొక్క ప్రోగ్రాము ఒక్కొక్క విధమున దాచును. యూనిక్స్ సంప్రదాయమున ఎంబాక్స్ అను అమరిక కలదు. ఒక పెట్టెలోని ఉత్తరములన్నియు ఒకే సామాన్య పాఠ్యపు ఫైలులో ఒకదాని క్రింద ఒకటిగా నుండును. ఇంగ్లీషున 'ఫ్రమ్' అను మాటయు, ఒక ఖాళీయు పంక్తి మొదట వచ్చినచో అక్కడ కొత్త ఉత్తరము ఆరంభమైనట్లు గుర్తు. ఉత్తరము వ్రాసినవాడే తన వాక్యమును ఆ మాటతో పంక్తి మొదట ఆరంభించినచో, పొరపాటు పడకుండ దానికి ముందొక బాణపు గుర్తు చేర్చబడును. పాత ఉత్తరములలో అక్కడక్కడ కారణము లేని బాణపు గుర్తులు కనబడుటకు మూల మిదియే. యూడోరా తన పెట్టెలను దాదాపు ఇట్లే దాచినది. థండర్‌బర్డ్ సామాన్యముగా ఇట్లే దాచుచున్నది. పుట్టినింటి పోలిక యనినది ఈ యర్థముననే. ఇట్టి ఫైలును ఏ ప్రోగ్రాము లేకున్నను సామాన్య పాఠ్య సంపాదకముతో తెరచి చదువవచ్చును.

అయితే యూడోరాతో ఒక పెద్ద ప్రమాదము కలదు. ఉత్తరముతో వచ్చిన ఫొటోలను, పత్రములను అది ఉత్తరమునుండి వేరుచేసి మరియొక ఫోల్డరులో పడవేయును. ఉత్తరమున వాని స్థానమున 'అటాచ్‌మెంటు మార్చబడినది' అను అర్థము గల ఇంగ్లీషు పంక్తియు, ఆ ఫైలు విండోస్‌లో నెక్కడ నున్నదో తెలుపు చిరునామాయు మాత్రమే మిగులును. పెట్టె ఫైళ్ళను మాత్రము కొనిపోయి అటాచ్‌మెంటుల ఫోల్డరును వదలినవాడు మనుమని నామకరణపు ఫొటో వచ్చినదను వార్తను తెచ్చుకొనును గాని ఫొటోను తెచ్చుకొనడు. ఫోల్డరును తెచ్చుకొన్నను, విండోస్ చిరునామా లినక్స్‌లో చెల్లదు గనుక, ఉత్తరమును ఫొటోతో తిరిగి జతపరచుట ప్రత్యేక సాధనములతో గాని చేతితో గాని చేయవలసిన పని. మరియొక చిన్న చిక్కు: విండోస్‌నకు పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరముల భేదము ఫైళ్ళ పేర్లలో లేదు, లినక్స్‌నకు ఆ భేదము కలదు. ఒకే పేరును రెండు విధముల వ్రాసిన చోట్ల లినక్స్ వానిని రెండు వేర్వేరు ఫైళ్ళుగా పరిగణించును.

అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్, అవుట్‌లుక్‌లు వేరు జాతివి. మొదటిది డి.బి.ఎక్స్. అను ఫైళ్ళను, రెండవది పి.ఎస్.టి. అను ఫైలును వాడును. ఇవి కంటితో చదువదగిన పాఠ్యములు కావు. పాత పి.ఎస్.టి. ఫైలు 2 గిగాబైట్లను మించరాదను పరిమితియు కలదు. దానిని మించిన ఫైళ్ళు చెడిపోవుట సర్వసాధారణమైన బాధ. లినక్స్‌లో లిబ్‌పిఎస్‌టి అను ఉచిత సాధనము పి.ఎస్.టి. ఫైలును విప్పి ఎంబాక్స్‌గా మార్చగలదు. అయినను విండోస్ ఇంకను నడచుచుండగనే, ఆ ప్రోగ్రాము ప్రాణముతో నున్నప్పుడే, దానిలోనుండి ఉత్తరములను బయటికి తీసికొనుట సులభము. యంత్రము ఆగిపోయిన పిదప చేయు పని పోస్టుమార్టమువంటిది.

ఇప్పుడు తెలుగు లిపి విషయము. ఇతర భాషలవారు వ్రాసిన తరలింపు గ్రంథములలో ఈ భాగము ఉండదు. తెలుగు ఉత్తరములు కాలక్రమమున మూడు విధములుగా వ్రాయబడినవి. 1990ల దశాబ్దమున విదేశములందలి తెలుగువారు రైస్ విశ్వవిద్యాలయమున ఏర్పడిన ఆర్.టి.ఎస్. అను పద్ధతిలో ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాసిరి. పెద్ద 'టి' ట వర్ణమునకు, చిన్న 'టి' త వర్ణమునకు చెల్లును. నాటి పండితులు దీనిని చూచి ముఖము చిట్లించిరి. కాని ఇంగ్లీషు అక్షరములు ఏ యంత్రముననైనను మారవు గనుక, ముప్పది యేండ్ల తరువాత చెక్కుచెదరక మిగిలినవి ఆ యుత్తరములే. తరువాత కొందరు ముద్రణకై తయారైన తెలుగు ఫాంట్లను ఉత్తరములలో వాడిరి. వీనిలో ఒక్కొక్క ఫాంటునకు ఒక్కొక్క గుప్తభాష. ఇంగ్లీషు, ఐరోపా అక్షరములుండవలసిన స్థానములలో తెలుగు అక్షరఖండములను ఎవరికి తోచినట్లు వారు కూర్చిరి. ఆ ఫాంటు లేనిచో ఉత్తరము చుక్కలు, గీతలు గల విదేశీ యక్షరముల గుంపుగా కనబడును. మూడవది యూనికోడ్. దీని మొదటి రూపము 1991లోనే తెలుగునకు 128 స్థానములు కేటాయించినను, విండోస్‌లో తెలుగు సహజముగా వ్రాయుట 2001 నాటి విండోస్ ఎక్స్‌పితో వచ్చిన గౌతమి ఫాంటుతోనే సామాన్యులకు సాధ్యమైనది.

అభిమాన ప్రోగ్రాముయొక్క లోపము ఇక్కడ బయటపడును. యూడోరాకు యూనికోడ్ రాదు. 2006 వరకు వచ్చిన దాని అన్ని విండోస్ రూపములును తెలుగు విషయమున అంధములే. దానిని వైన్‌లో నడపి లినక్స్‌నకు తెచ్చినవాడు దాని నేత్రదోషమును కూడ తెచ్చుకొనును. తెలుగులో ఉత్తరములు వ్రాయువారికి ఆ ప్రోగ్రాము మీది మమకారము ఒక పరిమితికి లోబడి యుండుట మంచిది.

దీని కారణమును కొంచెము వివరింపవలసి యున్నది. యూనికోడ్ తెలుగును ఉత్తరములలో పంపునప్పుడు యు.టి.ఎఫ్.-8 అను పద్ధతిని వాడుదురు. ఈ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు చిహ్నమునకు మూడు బైట్లు పట్టును. 'తెలుగు' అను మాటలో త, ఎత్వము, ల, ఉత్వము, గ, ఉత్వము అను ఆరు చిహ్నములు కలవు. మొత్తము 18 బైట్లు. ఇంగ్లీషు అక్షరములకై పుట్టిన తపాలామార్గమున ఇవి చెడిపోకుండుటకు బేస్64 అను మూటలో కట్టినచో 24 ఇంగ్లీషు గుర్తులగును. చేరిన చోట మూట విప్పి, మూడేసి బైట్లను ఒక్కొక్క తెలుగు చిహ్నముగా చదువవలెను. యూనికోడ్ తెలియని ప్రోగ్రాము ప్రతి బైటును ఒక్కొక్క ఐరోపా యక్షరముగా చదువును. తెలుగు చిహ్నములన్నిటికి మొదటి బైటు ఒకటే గనుక, తలపై వాలుగీత గల ఇంగ్లీషు చిన్న 'ఎ' అక్షరము మరల మరల కనబడును. రెండవ బైటు రెండే రకములు. హల్లులకు అది ఉష్ణోగ్రత తెలుపు డిగ్రీ సున్నగాను, దీర్ఘమైన ఈత్వము మొదలుకొని తరువాతి గుణింతపు గుర్తులకు, పొల్లునకు కూడిక క్రింద తీసివేత గల గుర్తుగాను కనబడును.

ఈ వివరణ పాండిత్య ప్రదర్శనకు కాదు. పాత ఉత్తరము జీవించి యున్నదో లేదో తెలిసికొనుటకు ఇదియే నాడి. తెరపై వాలుగీత 'ఎ', డిగ్రీ సున్న మరల మరల వచ్చుచున్నచో, బైట్లు చెక్కుచెదరక దాచబడియున్నంతవరకు, ఆ యుత్తరము సజీవము. యూనికోడ్ తెలిసిన ప్రోగ్రాములో తెరచి, లిపిపద్ధతిని సరిగా సూచించినచో తెలుగు తిరిగి లేచి నిలుచును. గుంపుగా వచ్చిన విదేశీ యక్షరములలో ఈ క్రమము లేనిచో అది ఏదో యొక ఫాంటు గుప్తభాష. అదియు పోలేదు; ఏ ఫాంటుతో వ్రాయబడినదో తెలిసినచో యూనికోడ్‌నకు మార్చు సాధనములు కలవు. మొజిల్లా ప్రోగ్రాములకై చేయబడిన 'పద్మ' అను ఉపకరణము ఒకప్పుడు తెలుగు దినపత్రికల ఫాంట్లనుండి ఇట్టి మార్పును చేసెడిది. కావున ఉత్తరములతో పాటు పాత విండోస్‌లోని ఫాంట్ల ఫోల్డరును కూడ భద్రపరచుట ఆవశ్యకము. అది చిన్న మూట. కాని అదిలేక ఆ ఉత్తరముల గుప్తభాష తెలియదు. ఇక తెలుగు ఉండవలసిన చోట వరుసగా ప్రశ్నార్థక చిహ్నములు మాత్రమే యున్నచో ఆ ప్రతి మృతము. ఏదో ప్రోగ్రాము తనకు తెలియని ప్రతి యక్షరమునకు బదులుగా ప్రశ్నార్థకమును వ్రాసి అసలు బైట్లను చెరిపివేసినది. ప్రత్యుత్తరమిచ్చునప్పుడు, మరియొకరికి పంపునప్పుడు పాత ప్రోగ్రాములు ఈ పని చేయుట కలదు. ఏ సాధనమును దీనిని బ్రదికింపజాలదు.

లినక్స్‌లో తెలుగు చదువుటకును వ్రాయుటకును నేడు కొరత లేదు. 'స్త్రీ' అను ఒక్క యక్షరము యంత్రములో స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము అను ఆరు చిహ్నముల వరుస; దానిని ఒక్క రూపముగా కూర్చు పనిని హార్ఫ్‌బజ్ అను సాధనము చేయుచున్నది. ప్రభుత్వ ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లో నున్నట్లే లినక్స్‌లోను కలదు గనుక దానికి అలవాటుపడినవారి వ్రేళ్ళు కొత్తగా నేర్వవలసినది లేదు.

ఈ శ్రమ యంతయు ఎందుకు, నేటి ఉత్తరములన్నియు బ్రౌజరులోనే చదువబడుచున్నవి కదా యను నాక్షేపము కలదు. అది కొంతవరకు నిజమే. చెన్నై ప్రాంతపు జోహో సంస్థ వేదికకు 2025లో సుమారు 12 లక్షల కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఈమెయిలు మార్చబడినది. అట్టివారికి యంత్రము విండోసైనను లినక్సైనను భేదము లేదు. ఐమాప్ పద్ధతిలో ఉత్తరములు సర్వరుమీదనే నిలుచునట్లు చేసికొన్నవారికిని తరలింపు బాధ తక్కువ. కాని 1990లలోను, 2000 తరువాతి కొన్ని సంవత్సరములలోను ప్రబలముగా నుండినది పాప్ పద్ధతి. అందు ఉత్తరము ఇంటి యంత్రమునకు దిగిన పిదప సర్వరుమీద చెరిపివేయబడుట సామాన్యము. ఆ కాలపు ఉత్తరములకు వేరొక ప్రతి ఎక్కడను లేదు. బ్రౌజరు వాదము కొత్త ఉత్తరములకు చెల్లును, పాతవానికి చెల్లదు.

తరలించిన పిదప సరిచూచుట మరచిపోరాదు. సి.పి. బ్రౌను తెలుగు తాళపత్ర గ్రంథములను కాగితముమీదికి ఎత్తి వ్రాయించినప్పుడు లేఖకుని వ్రాతను నమ్మి ఊరకుండలేదు. పండితులచే పలు ప్రతులతో పోల్చి సరిచేయించెను. ఇక్కడను ఆ పద్ధతియే యుక్తము. ప్రతి పెట్టెలోని ఉత్తరముల సంఖ్యను విండోస్‌లో వ్రాసికొని లినక్స్‌లో లెక్కపెట్టవలెను. మొట్టమొదటి ఉత్తరమును, చివరిదానిని, నడుమ కొన్నిటిని తెరచి చూడవలెను. వానిలో తెలుగులో వ్రాసినది ఒకటి, అటాచ్‌మెంటు గలది ఒకటి తప్పక నుండవలెను. పాత హార్డుడిస్కును వెంటనే తుడిచివేయక, ఒక సంవత్సరమైనను తీసి బీరువాలో నుంచవలెను. సంఘముల కార్యదర్శులు పదవి మారునప్పుడు రసీదు పుస్తకములు, మినిట్సు పుస్తకములు అప్పగించునట్లు ఈ ఎంబాక్స్ ఫైళ్ళను కూడ అప్పగించు నలవాటు ఇంకను ఏర్పడవలసి యున్నది. అది లేనందున సంఘపు లేఖలు ఒక వ్యక్తి ఇంటి యంత్రముతో పాటు అంతరించుచున్నవి.

ప్రశ్నార్థకములుగా మారిన ఉత్తరములకు సయితము ఒక్క యాశ కలదు. ఉత్తరమునకు రెండు కొసలుండును. చెన్నైలోని ప్రతి మృతమైనను, డల్లాసులోనో విశాఖపట్టణములోనో దానిని వ్రాసినవారి 'పంపినవి' అను పెట్టెలో దాని మూలము సజీవముగా నుండవచ్చును. వారు తమ యంత్రమును మార్చుకొనక పూర్వమే అడిగి, ఆ ఉత్తరమును తిరిగి పంపుమనక, ఫైలుగా భద్రపరచి ఆ ఫైలును అటాచ్‌మెంటుగా పంపుమని కోరవలెను. అట్లు పంపినచో అసలు తేదీయు, మొదటి బైట్లును మారక వచ్చును.